కార్డుకి చదివింపులు

గార్డెన్ రీచ్‌లో ఓడల డాకు గేటు వెనక మన శ్రీకాకుళం వాళ్ల లైనుంది. ముప్పై నాలుగు కొంపలు. ముప్పై నాలుగింటికీ కలిపి క్రెడిట్ కార్డు ఒక్కటే. అది అప్పలసూరిది.

నమ్మకపోతే మీ ఇష్టం. దేముడింట్లో ఫ్రిజ్జు ఆ కార్డు మీద వచ్చిందే. రామమ్మ టీవీ ఆ కార్డుదే. జగన్మోహన్ పెళ్లాం బట్టలుతికే మిషనూ దానిదే. సామాను కావలసినవాళ్లు అప్పలసూరిని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్తారు. అతను చొక్కా జేబులోంచి కార్డు తీసి, మరక పడకుండా అంచులు పట్టుకుని, కొట్టువాడికి అందిస్తాడు. ఆ తర్వాత నెలనెలా వాళ్లు అతని చేతిలో వాయిదా డబ్బులు పెడతారు. రెండేళ్లుగా ఇదే తంతు.

అప్పలసూరి డాకులో ఓడల సరుకెత్తే వించి నడుపుతాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. జీతం పడే బ్యాంకువాడు పిలిచి మరీ ఇచ్చిన కార్డది. అప్పట్నించీ లైన్లో ఏ ఇంట్లో బారసాల జరిగినా మొదటి కుర్చీ అతనిదే, మొదటి విస్తరి అతనిదే. యాభై నాలుగేళ్ల మనిషికి అంత గౌరవం ఒక్కసారిగా వచ్చిపడితే తల తిరగదూ? తిరిగింది.

ఇక్కడ అతను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. చెప్తే మీరు నవ్వుతారు, నవ్వండి. బ్యాంకు బిల్లు మీద రెండు అంకెలుంటాయి కదా, పైన మొత్తం బాకీ, కింద మినిమమ్ అని ఇంకో చిన్న అంకె. బజార్లో చేపలమ్మే బెంగాలీ దాదా ఇలిశ చేపని ముందు పద్నాలుగు వందలంటాడు. మనం రెండడుగులు ముందుకేస్తే వెనక్కి పిలిచి, సరే వెయ్యివ్వు అంటాడు. అప్పలసూరి దృష్టిలో బిల్లు కూడా అంతే. పైది మొదట చెప్పే రేటు, కిందది ఆఖరి రేటు. నోరు తెరిచి బేరమాడకుండానే బ్యాంకువాడు తనంతట తాను తగ్గించాడంటే, అది తన మంచితనం చూసే అని అతని నమ్మకం. ఈ సంగతి ఎవరితోనైనా అంటే వాళ్ల కళ్లు కుడతాయేమోనని రెండేళ్లు కడుపులోనే దాచుకున్నాడు మహానుభావుడు.

లైనువాళ్ల దగ్గర నెలకి ఐదున్నర వేలు వసూలయ్యేది. బ్యాంకుకి మూడున్నర వేలు కట్టేవాడు. మిగిలిన రెండు వేలు బేరంలో కలిసొచ్చినవి కాబట్టి తనవే అనుకున్నాడు. పోనీ సొంతానికి వాడుకున్నాడా అంటే ఒక్క బీడీకట్ట కొన్న పాపాన పోలేదు. రామమ్మ కంటి ఆపరేషన్‌కి ఇచ్చాడు. దేముడు తల్లి కాలు విరిగితే పలాస దాకా కారు పెట్టించాడు. అడిగినవాళ్లకి లేదన్నది లేదు. "మళ్లీ ఎప్పుడిమ్మంటావు బావా?" అని దేముడు అడిగితే, "పోనీరా, నీకాడ నాకు లెక్కేటి" అని చెయ్యి ఊపేసేవాడు. ఆ ఊపుడులోనే అతనికి ప్రాణం ఉంది.

మొగుడి వైభోగం ఇలా సాగుతుంటే, నారాయణమ్మ మాత్రం పదకొండేళ్లుగా డాకు గేటు పక్కన ఫుట్‌పాత్ మీద ఇడ్లీలమ్ముతోంది. నెత్తిన కప్పు లేదు. వానాకాలంలో ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె. ఆమె పక్కనే హరిపదా అనే ముసలాయన టీ గుమ్టీ ఉంది. రేకుల గది, లోపల కరెంటు, ముందు బల్ల. ఆయన లక్ష్మీపూజ అయ్యాక కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. లక్ష రూపాయలిస్తే గుమ్టీ అప్పజెప్తానన్నాడు. నారాయణమ్మ దగ్గర చీటీ పాడిన డబ్బు నలభై వేలుంది. అరవై వేలు లోను కావాలి. ఇడ్లీలమ్మే మనిషికి జీతం చీటీ ఎక్కడుంటుంది? మొగుడి పూచీ అడిగారు. సెప్టెంబరు మొదట్లో ఇద్దరూ బ్యాంకుకి వెళ్లారు. అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డు జేబులో పైకి కనిపించేలా పెట్టుకున్నాడు.

లోను సెక్షన్లో కళ్లద్దాల దీదీ కంప్యూటరు చూసి పెదవి విరిచింది. "దాదా, మీ కార్డు పరిమితి ఎనభై వేలు. బాకీ డెబ్బై ఆరు వేల నాలుగు వందలు. రెండేళ్లుగా మినిమమ్ ఒక్కటే కడుతున్నారు. పరిమితి అంచుదాకా వాడేస్తే బ్యాంకులు చూసే అప్పుల స్కోరు పడిపోదా? మీ పూచీ మీద లోను రాదు."

"అది మొదటి రేటు కదమ్మా," అన్నాడు అప్పలసూరి పెద్దమనిషిలా నవ్వుతూ.

దీదీకి ఆ మాట బోధపడలేదు. పడకపోవడమే మంచిదయింది. కానీ ఆమె మంచి మనిషి, నారాయణమ్మ మొహం చూసి ఇంకో మాట చెప్పింది. "ఇదివరకు బ్యాంకులు స్కోరు కట్టే ఆఫీసుకి నెలకోసారి లెక్క పంపేవి. ఇప్పుడు రూలు మారింది, పదిహేను రోజులకోసారి పంపాలి. కట్టకపోయినా తొందరగా తెలిసిపోతుంది, కట్టేసినా తొందరగా తెలుస్తుంది. ఈ నెల ఇరయ్యో తారీఖులోపల మొత్తం కట్టేసి, అక్టోబరు మొదటి వారంలో రండి. పాత రూలైతే ఈ దసరా పూజోకి మీ పని అయ్యేది కాదు."

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో నారాయణమ్మ పళ్లు నూరింది. "సూసినావా మావా! లైనోళ్లు ఫ్రిజ్జులు ఎగబడి కొనుక్కున్నారు. వాయిదాలు ఎగ్గొట్టి నీ పరువు తీసినారు. నువ్వా, నోరిప్పి అడగవు. ఏటి మనిషివి నువ్వు!"

అప్పలసూరి జేబులో పైకి కనిపిస్తున్న కార్డుని కిందికి తోసుకున్నాడు. లైనువాళ్లు ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదని అతనికి తెలుసు.

సాయంత్రం కూతురు భాను పనినుంచి వచ్చింది. ఖిదిర్‌పూర్‌లో బట్టల కొట్లో బిల్లింగు కౌంటరు ఆమెది, రోజుకి వంద కార్డులు గీకుతుంది. పెళ్లాం నీళ్లకి వెళ్లిందని చూసి అప్పలసూరి మెల్లగా కదిపాడు. "అమ్మీ, బిల్లులో ఆ మినిమమ్ అంటే ఏటే? తగ్గించిన రేటే కదా?"

భాను ముందు నవ్వింది. తర్వాత తండ్రి నవ్వడం లేదని చూసి ఆపేసింది. "నానా, తగ్గించడం కాదు. అది కట్టకపోతే జరిమానా అని. మిగిలినదాని మీద నూటికి నెలకి మూడున్నర వడ్డీ పడుతుంది. నువ్వు మూడున్నర వేలు కడితే మూడు వేలు వడ్డీకే పోతోంది. మొత్తం కడితేనే కార్డు మనది, లేకపోతే మనమే కార్డువాళ్లం. అసలు ఇంకొకళ్లకి కార్డు ఇవ్వడమేంటి? పరిమితిలో మూడో వంతు మించి వాడొద్దని మా కొట్టుకొచ్చే బ్యాంకువాళ్లే చెప్తారు." తల్లి వస్తోందేమోనని గుమ్మంవైపు చూసింది. "అమ్మకి చెప్పావా?"

అప్పలసూరి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "సెప్పకే," అన్నాడు. "పూజో అవ్వనీ, నానే సెప్తాను."

అతను చెప్పే రకమైతే కథే లేదు. చెప్పలేదు. డ్యూటీకి వెళ్తే వించి కిందవాళ్లు ఎత్తమంటే దించేవాడు. ఈలోగా నారాయణమ్మ ఊరుకుందా? లైన్లో పెళ్లిళ్లకి చదివింపులుంటాయి కదా. ఫలానావారు ఐదు వందల పదహార్లు అని మైకులో చదువుతుంటే, వంద ఇద్దామని వచ్చినవాడు కూడా సిగ్గుపడి ఐదు వందలు తీస్తాడు. ఆమె బుర్రలో అదే మెదిలింది.

"విశ్వకర్మ పూజకి మైకు ఎలాగూ పెడతారు," అంది. "పనిముట్లన్నీ దేవుడికాడ పెడతాము కదా. ఈయేడు నీ కార్డు కూడా పెడదాం. దానికీ చదివింపులు చదివిస్తాను. ఎవుడు ఫ్రిజ్జు కొన్నాడో, ఎవుడు బాకీ ఉన్నాడో పేరెట్టి పిలుస్తాను. ఎలగ కట్టరో సూస్తాను."

"ఒద్దే! మనోళ్లని మైకులో అంటే బాగుంటదేటి?"

"నా గుమ్టీ పోతే బాగుంటదేటి?" అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. "పదకొండేళ్లు వానలో తడిసినాను మావా. ఇంకో వానాకాలం నావల్ల కాదు." అప్పలసూరి అప్పుడైనా చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాడు.

విశ్వకర్మ పూజ రోజు పదకొండు గంటలకి లైను చివర పందిట్లో బొమ్మ ముందు పనిముట్లన్నీ పేర్చారు. కార్పొరేషన్లో పనిచేసే దేముడి పార, జగన్మోహన్ స్పానర్లు, ఎవరిదో కుట్టుమిషను, నారాయణమ్మ ఇడ్లీ పాత్ర. మధ్యలో ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ బొట్లతో కార్డు. డాబాల మీద పిల్లలు పతంగులెగరేస్తున్నారు, ఎవరిదైనా తెగితే "భో కాట్టా!" అని గోల. ఆ గోలలో అప్పలసూరి మైకు తీగ ఎక్కడ తగిలించారో వెతుక్కున్నాడు. ప్లగ్గు కనిపించింది. నారాయణమ్మ మైకు అందుకోగానే ఠక్కున పీకేశాడు.

ప్రయోజనమేముంది? గేటు దగ్గర లారీల హోరు మీదుగా పదకొండేళ్లు ఇడ్లీలని అరిచిన గొంతది. మైకు చచ్చిందని కూడా ఆమె గమనించలేదు. లైను ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఖంగుమని వినిపించింది. "దేముడూ! ఫ్రిజ్జు కింద ఎంత బాకీ ఉన్నావు? అందరి ముందూ సెప్పు!"

దేముడు ప్రసాదం పళ్లెంతో నిలబడిపోయాడు. "నాను బాకీయా? ఒదినా, పోయినేడు కాళీపూజకే తీరిపోనాది కదా! బావ చేతికే ఇచ్చినాను. ఆఖరి వాయిదా నాడు మిఠాయి కూడా తినిపించినాను!"

"టీవీ డబ్బులు నానూ కట్టీసినానమ్మా," అంది రామమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి, కర్ర పట్టుకుని లేచింది. "ఓలమ్మో, ఎవురు సెప్పినారే నాను ఎగ్గొట్టినానని?"

ఇంకొకళ్లు లేచారు. మరొకళ్లు లేచారు. కుర్చీలన్నీ కదిలాయి. నారాయణమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరూ అబద్ధమాడటం లేదు. తప్పుడు నింద మోపానని ఆమె మొహం నల్లబడింది. మెల్లగా మొగుడివైపు తిరిగింది. అతను స్తంభం వెనక ప్లగ్గు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"మావా?" అంది. అంతే అంది.

ఆ ఒక్క మాటకి అప్పలసూరికి పారిపోదామా అనిపించింది, నిజమే. కానీ తన పెళ్లాం ముప్పై మూడు కొంపల ముందు దోషిలా నిలబడింది. అది మాత్రం అతని వల్ల కాలేదు. తీసిన ప్లగ్గు తనే మళ్లీ పెట్టాడు, వెళ్లి ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"ఎవులూ బాకీ లేరు," అన్నాడు. "అందరూ నాకే కట్టినారు. నానే బ్యాంకుకి కట్టలేదు. కింద రాసిన చిన్న అంకె చాలనుకున్నాను. బ్యాంకోడు నన్ను చూసి తగ్గించినాడనుకున్నాను. మిగిలింది మీకే పంచినాను. నా డబ్బు లాగ ఇచ్చినాను, నాది కాదు. మీ డబ్బే మీకిచ్చి, మీసేత దండాలు ఎట్టించుకున్నాను. ఇప్పుడు డెబ్బై ఆరు వేల నాలుగు వందలు అయ్యింది. నా వల్ల దీని గుమ్టీ పోతంది."

సరిగ్గా అప్పుడే డాబా మీద ఎవరి పతంగో తెగింది. "భో కాట్టా!" అని పిల్లలంతా ఒక్కసారి కేకేశారు. వేరే రోజైతే లైనంతా పగలబడి నవ్వేది. ఎవరూ నవ్వలేదు. అప్పలసూరి తల దించుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

ముందు కదిలింది రామమ్మ కర్ర. టకటకా వచ్చి, కొంగు ముడి విప్పింది. "ఎవుల డబ్బయితే ఏటిరా? నా కంటికి చూపొచ్చిందా లేదా? జగన్మోహనూ, రాయరా. రామమ్మ, ఐదొందల పదహార్లు."

జగన్మోహన్ లైను క్లబ్బుకి సెక్రటరీ. ఇరవై ఏళ్లుగా లైన్లో పెళ్లి చదివింపులు చదివేది అతనే. పెన్ను దొరికింది, కాగితం దొరికింది, పాత అలవాటు గొంతులోకొచ్చింది. "శ్రీమతి రామమ్మగారు, ఐదు వందల పదహార్లు, వధూవరులకి..." అని సాగదీసి, నాలుక్కరుచుకున్నాడు. ఇప్పుడు నవ్వారు. లైనంతా నవ్వింది. నారాయణమ్మ తప్ప.

ఆ తర్వాత ఆగలేదు. దేముడు రెండు వేల పదహార్లు, ఎందుకంటే అతని కంటే ముందు అతని బావమరిది పదిహేను వందల పదహార్లు చదివించాడు, తగ్గితే పరువేముంది? జగన్మోహన్ తనదే తను చదువుకుని, తన పేరుకి ముందు శ్రీ రెండుసార్లు అన్నాడు. ఇళ్లకి పరిగెత్తి తెచ్చినవాళ్లున్నారు, ఫోనులో పంపినవాళ్లున్నారు. ముప్పై మూడు కొంపలు, ముప్పై మూడు పదహార్లు. భాను లెక్క చూసింది. ముప్పై ఆరు వేల ఐదు వందల ఇరవై ఎనిమిది.

"ఇంకా నలభై వేలు కావాలి," అని భాను మెల్లగా అంది. మైకులో పడింది ఆ మాట.

నారాయణమ్మ లేచి ఇంట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో ఏముందో అప్పలసూరికి తెలుసు.

"అది ఒద్దే," అన్నాడు. "అది నీ గుమ్టీది."

"నువ్వు ఊరుకో." డబ్బా జగన్మోహన్ ముందు పెట్టింది. "రాయి బావూ. నారాయణమ్మ, నలభై వేలు. పదహార్లు లేవు."

"చుట్టరికం ఏమని చదవను ఒదినా?" అన్నాడు జగన్మోహన్. చదివింపుల్లో చుట్టరికం చెప్పకపోతే అతనికి తోచదు.

"అప్పిచ్చినదని చదువు," అంది. "చుట్టరికం సంగతి ఇంటికెళ్లాక సూస్తాను."

మర్నాడే భాను తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం కట్టేసింది. నూట ఇరవై ఎనిమిది రూపాయలు ఎక్కువే కట్టారు. బ్యాంకువాడే తనకి బాకీ ఉన్నాడని అప్పలసూరి మనసు ఒక్క క్షణం ఉబ్బింది. పక్కన నారాయణమ్మ మొహం చూసి ఆ ఉబ్బు అణుచుకున్నాడు. ఇంట్లో ఆమె కంచం పెడుతోంది, కూర వడ్డిస్తోంది, మాట మాత్రం లేదు. ఇరవై ఏడేళ్ల కాపురంలో తిట్టని రోజు లేదు, ఇప్పుడు ఆ తిట్లకోసం మొహం వాచిపోయాడు పాపం.

అక్టోబరు మొదటి వారంలో కళ్లద్దాల దీదీ కంప్యూటరు చూసి తలూపింది. లెక్క చేరింది, స్కోరు లేచింది, అరవై వేలు వస్తాయి. కానీ లక్షకి నలభై వేలు తక్కువ. నారాయణమ్మ సంతకం పెట్టేటప్పుడు, "దేనికి సంతకం పెడుతున్నానో నాకే తెలీదు," అంది దీదీతో. గుమ్టీ ఇంకెవరైనా కొనుక్కుపోతారని ఆమెకి రూఢి అయిపోయింది.

అప్పలసూరి పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ చెయ్యి చాచి అడిగినవాడు కాదు. అడిగించుకోవడమే తెలుసు. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో గేటు బయటికొచ్చి, హరిపదా గుమ్టీ ముందు నిలబడ్డాడు. బల్ల మీద తెలిసినవాళ్లు నలుగురు టీ తాగుతున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాడు. ఆగితే మళ్లీ మింగేస్తానని తెలిసి, అందరి ముందే అడిగేశాడు.

"హరిపదా దాదా, అరవై వేలు ఇప్పుడిస్తాను. నలభై వేలు లేవు. నా తప్పువల్ల పోయినాయి. నెలకి నాలుగు వేలు చొప్పున నా జీతంలోంచి తెచ్చి ఇస్తాను. గుమ్టీ ఇంకెవరికీ ఇవ్వకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

ముసలాయన చేతిలో గ్లాసు కడగడం పూర్తిచేశాడు. విశ్వకర్మ పూజ సంగతి గేటుదాకా పాకిపోయింది మరి. చెయ్యి తుడుచుకున్నాడు.

"నీకైతే ఇవ్వను సూరి దాదా," అన్నాడు. "నిన్ను చూసి నాలుగు రూపాయలకి కూడా ఆగను." బల్ల మీదవాళ్లు కిసుక్కున నవ్వారు. "పదకొండేళ్లు నారాయణమ్మ దీదీ నా పక్కన కూర్చుంది. చిల్లర లేదని పొద్దున పది రూపాయలు తీసుకుంటే, మధ్యాహ్నం అన్నం తినకుండానే తెచ్చి ఇచ్చేది. ఆమె కోసమైతే నలభై వేలకి కాదు, అరవై వేలకి ఆగమన్నా ఆగుతాను. కాగితం ఆమె పేరున రాయించు."

అప్పలసూరికి సిగ్గేసింది. సిగ్గుతోపాటు ఇంకేదో కూడా ఛాతీలో లేచింది. నా పెళ్లాం అని బల్ల మీదవాళ్లకి అరిచి చెప్పాలనిపించింది. ఇన్నాళ్లూ ఊళ్లో పేరున్న మనిషి తనే అనుకున్నాడు. పేరు ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చుని ఉందని చూడనే లేదు.

నారాయణమ్మ అక్కడికి నాలుగడుగుల దూరంలో ఖాళీ గిన్నెలు సర్దుతోంది. వెళ్లి ముందు కూలబడ్డాడు.

"ఏటి?" అంది తలెత్తకుండా. పందొమ్మిది రోజుల తర్వాత అతనితో మొదటి మాట.

"హరిపదా దాదాని అడిగినాను. నాకైతే ఇవ్వనన్నాడు."

ఆమె చేతులు ఆగాయి.

"నీకైతే ఇస్తానన్నాడు. మిగతా నలభై నెలనెలా తెమ్మన్నాడు. నిన్ను చూసి ఎన్నాళ్లయినా ఆగుతాడంట."

నారాయణమ్మ గుమ్టీవైపు చూసింది. హరిపదా అక్కడ్నించే చెయ్యెత్తి ఊపాడు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో అప్పలసూరికి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు.

"నెలకి నాలుగు వేలు ఎవుడిస్తాడు?" అంది కొంగు తీయకుండానే.

"నానే."

"మొత్తం నాలుగు వేలా? కింద చిన్న అంకేటైనా ఉందా?"

"మొత్తమే," అన్నాడు అప్పలసూరి.

"దొంగముండాకొడకా," అని తిట్టింది నారాయణమ్మ. అతని ప్రాణం లేచొచ్చింది.